పాఠకుల ప్రశ్నలు: ఇంట్లో ఉన్నవాటితోనే పసిపిల్లల ఆటలు, రంగులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. చిన్నపిల్లలతో తాకే ఆటలు, బొమ్మలు వేయడం, రంగులు పూయడం ఇంట్లోనే ఖర్చు లేకుండా ఎలా చేయించాలి, ఏది ప్రమాదం, ఏది కాదు అని. అందుకే ఈసారి వేరే ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా పాపకి రెండున్నరేళ్లు. ఫోన్ తెరిస్తే చాలు, సెన్సరీ కిట్లు, సెన్సరీ ట్రేలు, రంగుల ఇసుక డబ్బాలు అంటూ ఒకటే ప్రకటనలు. అవి కొనకపోతే పిల్ల వెనకబడిపోతుందేమో అనిపించేలా చెబుతున్నారు. మేం అంత పెట్టలేం. మా పాప ఏమైనా నష్టపోతోందా? – ఓ తల్లి

ఏమీ నష్టపోవడం లేదు. ముందు ఆ టెన్షన్ తీసేయండి. సెన్సరీ ప్లే అని పెద్ద పేరు పెట్టారు గానీ, తాకడం, నొక్కడం, ఒంపడం, వాసన చూడటం, చప్పుడు వినడం, ఇవన్నీ చేస్తూ పిల్లలు లోకాన్ని తెలుసుకోవడమే అది. దానికి కిట్టు అక్కర్లేదు. ప్లే-డో అని డబ్బాల్లో అమ్మే మెత్తటి ముద్ద మీకు తెలిసే ఉంటుంది. అది మొదట్లో బొమ్మల వస్తువే కాదు, బొగ్గు పొయ్యిల మసి పట్టిన గోడ కాగితాలని తుడవడానికి చేసిన ముద్ద. నర్సరీ పిల్లలకి పాఠాలు చెప్పే ఒకావిడ, మామూలు మట్టి పిల్లల చేతులకి గట్టిగా ఉంటోందని, ఈ చవక ముద్దని తెచ్చి పిల్లల చేత బొమ్మలు చేయించింది. వాళ్లకి అది తెగ నచ్చింది. అలా 1956లో అది ఆటవస్తువుగా మార్కెట్లోకి వచ్చింది. అంటే ఇవాళ మనం డబ్బు పోసి కొనేది కూడా ఒక టీచరమ్మ చవగ్గా దొరికినదాంతో చేసిన ప్రయోగం నుంచి పుట్టిందే.

మీ పాపకి నేనైతే నీళ్లతో మొదలుపెడతాను. వెడల్పాటి బేసిన్‌లో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, సైజు వేరువేరుగా ఉన్న రెండు గ్లాసులు, ఒక గరిటె, టీ వడకట్టే జల్లెడ, ఒక స్పాంజి ముక్క ఇవ్వండి. కింద పాత దుప్పటి పరవండి. తర్వాత మీరు ఏమీ నేర్పకుండా చూడండి. గ్లాసు నిండిపోయాక కూడా పోస్తూనే ఉంటుంది. అంచు దగ్గర నీళ్లు కొంచెం ఉబ్బి నిలబడతాయి, ఇంకో చుక్క పడగానే పక్కనుంచి జారిపోతాయి, పాప చెయ్యి ఆపి ఆ జారిన చోటు చూస్తుంది, మళ్లీ పోస్తుంది. జల్లెడలో పోసిన నీళ్లు ఎక్కడికి పోయాయో అని దాన్ని తిరగేసి వెతుకుతుంది. మనకి అది నీళ్లు ఒలకబోయడంలా కనిపిస్తుంది గానీ పాప అక్కడ ఎక్కువ, తక్కువ, నిండటం, కారడం అన్నీ చేత్తో నేర్చుకుంటోంది. దయచేసి ఆ సమయంలో "ఇలా కాదమ్మా, ఇలా పొయ్యి" అనకండి.

ఇంకో మాట. ఒకేసారి ఎక్కువ వస్తువులు పెట్టకండి. 2018లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో చిన్నపిల్లల్ని ఒకసారి 4 బొమ్మలతో, ఇంకోసారి 16 బొమ్మలతో ఆడనిచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. కాబట్టి తక్కువ ఉండటం మీ పాపకి మంచిదే.

నీళ్ల విషయంలో ఒక్కటి మాత్రం కచ్చితం. పసిపిల్లలు మునగడానికి 5 సెంటీమీటర్ల లోతు చాలు, పైగా చప్పుడు కూడా రాదు. ఫోన్ మోగినా, తలుపు కొట్టినా పాపని ఎత్తుకునే వెళ్లండి. ఆట అయిపోయిన మరుక్షణం బేసిన్ బోర్లించేయండి.

ప్రశ్న: మేడమ్, నేను ఇంట్లో మైదా ముద్ద కలిపితే ఒకసారి చేతులకి అతుక్కుపోతోంది, ఇంకోసారి ఎండి పగిలిపోతోంది. సరైన కొలతలు చెబుతారా? ఇంకో సమస్య, మా మూడేళ్ల బాబు దాన్ని తినేస్తున్నాడు. – ఓ పాఠకురాలు

కొలతలు రాసుకోండి. మైదా 2 కప్పులు, మెత్తటి ఉప్పు 1 కప్పు, నీళ్లు 2 కప్పులు, నూనె 2 పెద్ద చెంచాలు, నిమ్మరసం 2 పెద్ద చెంచాలు. రంగు కావాలంటే ఫుడ్ కలర్ నీళ్లలోనే కలిపేయండి, తర్వాత కలిపితే చారలు చారలుగా ఉండిపోతుంది (కొందరు పిల్లలకి ఆ చారలే ఇష్టం, అది వేరే సంగతి). అన్నీ చల్లగా ఉన్నప్పుడే ఒక మందపాటి గిన్నెలో ఉండలు లేకుండా కలిపి, అప్పుడు సన్నని మంట మీద పెట్టండి. ఆపకుండా తిప్పుతూ ఉంటే మొదట జావలా ఉంటుంది, తర్వాత ఉన్నట్టుండి గరిటె చుట్టూ చేరి గిన్నె అంచులు వదిలేస్తుంది. అదే గుర్తు. దించి, చెయ్యి పట్టేంత చల్లారాక బాగా పిసకండి. పిసికే కొద్దీ నున్నగా వస్తుంది.

అతుక్కుంటోందంటే లోపల ఇంకా తడి ఉందని, ఇంకో నిమిషం మంట మీద తిప్పండి. పగుళ్లు వస్తుంటే అరచేతికి కొంచెం నూనె రాసుకుని పిసకండి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కొన్ని వారాలు ఉంటుంది. వాసన మారినా, ఎక్కడైనా మచ్చలా బూజు కనిపించినా ఆ ముక్క తీసేసి మిగతాది వాడదాం అనుకోకండి, మొత్తం పారేయండి.

ఇక తినడం గురించి. ఇది తేలిగ్గా తీసుకోవద్దు, రెండు కారణాలున్నాయి. ఒకటి, పచ్చి పిండి. పిండి మర నుంచి వచ్చిందే గానీ ఉడికింది కాదు, అందులో ఈ.కోలి, సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉంది. పచ్చి పిండి ముద్దతో ఆడుకున్న పిల్లలు జబ్బు పడిన సందర్భాలు ఉన్నాయి. అందుకే పొయ్యి మీద ఉడికించే పద్ధతే చెప్పాను, ఉడికించకుండా చన్నీళ్లతో కలిపేది వద్దు. రెండోది, ఉప్పు. వేలితో రుచి చూసి ఊసేస్తే ఏమీ కాదు. కానీ గుప్పెడు మింగితే ఒంట్లో సోడియం ఒక్కసారిగా పెరిగిపోతుంది, పసివాళ్లకి అది ప్రాణం మీదికి తెస్తుంది. వాంతులు, విపరీతమైన దాహం, మగతగా పడి ఉండటం కనిపిస్తే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో కుక్క ఉంటే దానికీ అందకుండా పెట్టండి, కుక్కలకి ఇంకా ప్రమాదం.

మీ బాబు నిజంగా తింటున్నాడు కాబట్టి కొన్నాళ్లు ఉప్పు లేకుండా ఇదే పద్ధతిలో ఉడికించి చేసి ఇవ్వండి. నిలవ ఉండదు, ఆ రోజుకి ఆ రోజు పారేయాలి, అందుకని కప్పులో నాలుగో వంతు పిండితో కొంచెమే చేసుకోండి. కడుపు నిండాక ఆడించండి, ఆకలి వేళ ముద్ద ఎదురుగా పెడితే ఏ పిల్లాడైనా నోట్లోనే పెట్టుకుంటాడు.

ప్రశ్న: మా మనవడికి పదకొండు నెలలు. ఏది ఇచ్చినా నోట్లోకే. వాడికి ఈ ఆటలు ఇప్పుడే మొదలుపెట్టవచ్చా? – ఓ అమ్మమ్మ

మొదలుపెట్టవచ్చండీ. ఆ వయసులో నోరు కూడా వాడికి చెయ్యిలాంటిదే, దాంతోనే గట్టిదా మెత్తదా చల్లగా ఉందా అని చూస్తాడు. దాన్ని ఆపడం మన పని కాదు, నోట్లో పెట్టుకున్నా ఫరవాలేని వస్తువులే అందించడం మన పని.

ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ అనే బ్రిటిష్ విద్యావేత్త, కూర్చోవడం వచ్చి ఇంకా పాకడం రాని పిల్లల కోసం ఒక పద్ధతి చెప్పింది, కొంచెం పెద్దవాడైన మీ మనవడికి కూడా బాగా పనికొస్తుంది. అంచులు ఎత్తుగా లేని ఒక బుట్టలో ఇంట్లో వాడే వస్తువులు పెట్టి పిల్లాడి ముందు ఉంచడమే. చెక్క గరిటె, స్టీలు మూత, గుడ్లు గిలకొట్టే విస్కు, నూలు గుడ్డ ఒకటి, సిల్కు గుడ్డ ఒకటి, ఒక పెద్ద నిమ్మకాయో నారింజో, కొత్త స్నానపు బ్రష్షు. ప్లాస్టిక్ పెట్టవద్దనేది ఆవిడ ఉద్దేశం, ఎందుకంటే ప్లాస్టిక్ వస్తువులన్నీ చేతికీ నాలుకకీ ఇంచుమించు ఒకేలా తగులుతాయి. లోహం చల్లగా తగులుతుంది, చెక్కకి వేరే రుచి, గుడ్డ తడిస్తే బరువెక్కుతుంది. నేను ఆ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను.

మీరు పక్కనే కూర్చోండి, కానీ మాట్లాడకండి. ఒక్కో వస్తువు వాడే ఎంచుకోనివ్వండి. ఇచ్చే ముందు ప్రతి వస్తువూ లాగి, వంచి చూడండి, ఊడే ముక్క, రాలే పెయింటు, జానెడు కన్నా పొడవైన తాడు ఉంటే తీసేయండి. టాయిలెట్ పేపర్ చుట్ట లోపల ఉండే అట్ట గొట్టంలో దూరిపోయే వస్తువేదీ మూడేళ్లలోపు పిల్లలకి ఇవ్వకూడదు, ఈ ఒక్క పరీక్ష గుర్తుంచుకోండి. బటన్ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు ఆ గదిలోనే ఉండకూడదు.

రంగు పూయించాలని ఉంటే, వాడు పెరుగు తింటున్నవాడైతే, చక్కెర లేని పెరుగులో బీట్‌రూట్ రసం రెండు చుక్కలు కలిపి పళ్లెంలో వేయండి. అరచేతులతో రాస్తాడు, నాకుతాడు, ఏం ఫరవాలేదు. కొందరు ఇలాంటి రంగుల్లో తేనె కలపమంటారు. ఏడాది నిండని పిల్లలకి తేనె చుక్క కూడా వద్దు, బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. రంగులో వేలు పెట్టమంటే ఏడుస్తాడు. చేతికి ఏమైనా అంటితే కడిగేదాకా ఊరుకోడు. మిగతా పిల్లలందరూ ఆడుతుంటే వాడు దూరంగా నిలబడతాడు. నెమ్మదిగా అలవాటవుతుందని ఒకసారి చెయ్యి పట్టుకుని పెట్టించాను, ఇంకా భయపడిపోయాడు. ఏం చేయాలి? – ఓ తండ్రి

చెయ్యి పట్టుకుని పెట్టించడం ఇక మానేయండి. వాడు మొండికేయడం లేదు. కొందరు పిల్లలకి జిగట, తడి అనేవి మనకి తగిలినదానికంటే చాలా ఎక్కువగా తగులుతాయి. బలవంతం చేస్తే ఆ జిగటతో పాటు మీరు పక్కన ఉండటం కూడా భయంగా మారుతుంది, అది ఇంకా నష్టం.

పొడి వస్తువులతో మొదలుపెట్టండి. పొడి ఇసుక, చింపిన కాగితాలు, ఎండుటాకులు, దూది. ఇవి చేతికి అంటుకోవు, దులిపితే పోతాయి. వాటితో సరదా పడ్డాక, చేతికీ రంగుకీ మధ్య ఏదో ఒకటి ఉండేలా చూడండి. బ్రష్షు, స్పాంజికి పెట్టిన బట్టల క్లిప్పు, పొడుగాటి చెంచా. నాకు అన్నిటికన్నా నచ్చేది జిప్ కవర్ పద్ధతి. మందమైన జిప్ కవర్‌లో రెండు రంగులు చెరో చెంచాడు వేసి, గాలి తీసేసి మూసి, మూత మీద టేపు అంటించి, బల్లకి కూడా టేపుతో అతికించండి. బాబు పైనుంచి వేలితో నొక్కుతాడు, లోపల నీలం పసుపు కలిసి ఆకుపచ్చ అవుతుంది, వేలికి మాత్రం ఏమీ అంటదు. కొన్నాళ్లు అదే ఆడనివ్వండి, ఏం తొందర లేదు.

తడి వస్తువు పెట్టిన ప్రతిసారీ పక్కనే తడిగుడ్డ ఉంచి, "నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు తుడుచుకో" అని చెప్పండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటపడొచ్చు అని తెలిసిన పిల్లవాడు లోపలికి రావడానికి తొందరగా ధైర్యం చేస్తాడు. మీరు పక్కన కూర్చుని మీ చేతులు రంగులో పెట్టి ఆడుకోండి, వాడిని పిలవకండి. చూడటం కూడా ఆటలో పాల్గొనడమే.

రంగు ఒక్కటే అయితే కంగారు లేదు. కానీ తల దువ్వించుకోవడం, గోళ్లు తీయించుకోవడం, కొన్ని బట్టలు వేసుకోవడం, ఫలానా రకం తిండి తప్ప ఇంకేదీ తినకపోవడం, ఇలా రోజువారీ పనులన్నీ గొడవగా మారుతుంటే పిల్లల డాక్టర్‌కి చెప్పండి. ఆక్యుపేషనల్ థెరపిస్టులు, అంటే రోజువారీ పనులు చేసుకోవడం అలవాటు చేసే నిపుణులు, ఇలాంటి పిల్లలతో ఆడిస్తూనే పని చేస్తారు.

ప్రశ్న: స్లైమ్, షేవింగ్ ఫోమ్, నీళ్లలో ఉబ్బే రంగు పూసలు, ఇవి మా రెండేళ్ల పాపకి ఇవ్వొచ్చా? అందరూ వీడియోల్లో ఆడిస్తున్నారు.

ఉబ్బే పూసలు అసలు వద్దు. రెండేళ్లకీ వద్దు, ఆ ఇంట్లో చిన్న పిల్లలు ఉన్నంతకాలం పెద్ద పిల్లలకీ వద్దు. మింగితే కడుపులోకి వెళ్లాక కూడా నీళ్లు పీల్చుకుని ఉబ్బుతూనే ఉంటాయి, పేగుకి అడ్డం పడతాయి, ఎక్స్‌రేలో మామూలుగా కనిపించవు. ముక్కులో, చెవిలో దూరినా అదే కష్టం. మింగిందని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి, డాక్టరుకి పూసల సంగతి మీరే చెప్పాలి. బోరాక్స్ అనే రసాయనం వేసి చేసే స్లైమ్, అంటే ఆ సాగే జిగట ముద్ద కూడా ఈ వయసుకి కాదు. షేవింగ్ ఫోమ్ కంట్లో పడితే మండుతుంది, మీ పాప నోట్లో కూడా పెట్టుకుంటుంది.

నురగే కావాలంటే పిల్లల షాంపూ ఒక చెంచాలో నాలుగు చెంచాల నీళ్లు కలిపి విస్కుతో గిలకొట్టండి, గిన్నె నిండా వస్తుంది. జారే ముద్ద కావాలంటే కార్న్‌ఫ్లోర్ రెండు వంతులకి నీళ్లు ఒక వంతు. గుప్పిట్లో గట్టిగా పట్టుకుంటే రాయిలా ఉంటుంది, గుప్పిట విప్పగానే వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది. నొక్కినప్పుడు పిండి రేణువులు ఒకదానికొకటి ఒరుసుకుని బిగుసుకుపోతాయి, వదిలేస్తే మధ్యలోకి నీళ్లు చేరి జారతాయి, అదీ కిటుకు. కార్న్‌ఫ్లోర్ కూడా పచ్చిదే కాబట్టి నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి. అయిపోయాక దాన్ని సింకులో పోయకండి, అడుగున పేరుకుని గొట్టం మూసుకుపోతుంది. ఎండనిచ్చి చెత్తలో వేయండి.

ప్రశ్న: రంగులు కొనకుండా ఇంట్లోనే చేయవచ్చా? బట్టలకి మరకలు అవుతాయని భయం. – ఇద్దరు పిల్లల తల్లి

వేళ్లతో పూసే రంగు చాలా సులువు. అరకప్పు కార్న్‌ఫ్లోర్ రెండు కప్పుల చన్నీళ్లలో కలిపి, సన్నని మంట మీద తిప్పుతూ ఉంటే చిక్కబడి మెరుస్తుంది. చల్లార్చి నాలుగు గిన్నెల్లో పోసి ఒక్కోదాంట్లో ఒక్కో ఫుడ్ కలర్. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది. మందపాటి కాగితం లేకపోతే పాత అట్టపెట్టె విప్పి లోపలివైపు వాడండి, పల్చటి కాగితం ఈ తడికి చిరుగుతుంది.

దీనికంటే మీ పిల్లలు నాలుగేళ్లు దాటినవాళ్లైతే పసుపుతో చేసేది తప్పకుండా చేయించండి. చెంచా పసుపు కొంచెం నీళ్లలో కలిపి తెల్ల కాగితం మొత్తం పూసి ఆరనివ్వండి. ఇంకో గిన్నెలో రెండు పెద్ద చెంచాల నీళ్లకి అర చెంచా వంట సోడా. ఆ సోడా నీళ్లలో ముంచిన బ్రష్షుతో పసుపు కాగితం మీద గీస్తే గీత ఇటుక ఎరుపులో తేలుతుంది. నీళ్లు తెల్లగా ఉన్నాయి, గీత ఎర్రగా వచ్చింది! పిల్లలు బ్రష్షు వైపు, గిన్నె వైపు, కాగితం వైపు మార్చి మార్చి చూస్తారు. అప్పుడు నిమ్మరసంలో ముంచిన దూది ఇచ్చి ఆ గీత మీద అద్దమనండి, మళ్లీ పసుపు రంగులోకి తిరిగి వస్తుంది. పసుపులో ఉండే కర్కుమిన్ అనే రంగు పదార్థం వంట సోడా లాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే వెనక్కి మారుతుంది. ఐదారేళ్ల పిల్లలు ఇక సబ్బు నీళ్లు, వెనిగర్ అంటూ ఇంట్లో కనిపించిన ప్రతి ద్రవమూ తెచ్చి పరీక్షిస్తామంటారు. సబ్బు నీళ్లు, నిమ్మరసం, వెనిగర్, ఉప్పు నీళ్లు, ఇవన్నీ ఇవ్వండి. బాత్రూం కడిగే ద్రవాలు మాత్రం పైన, తాళం లోపల ఉండాలి.

మరకల గురించి. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడి భయపెడుతుంది, కంగారు పడకండి, ఉతికి ఎండలో ఆరేస్తే వెలుతురుకి చాలావరకు వెలిసిపోతుంది. అదే కారణంగా బొమ్మ కూడా వెలిసిపోతుంది, దాచుకోవాలంటే పుస్తకంలో పెట్టండి. బీట్‌రూట్ రంగు కొన్నాళ్లకి గోధుమ రంగులోకి మారుతుంది. ఒక పాత చొక్కా ఆట చొక్కాగా పెట్టేసుకుంటే గొడవ ఉండదు.

ప్రశ్న: మాది ఒక్క గది ఇల్లు, అద్దెకి ఉంటున్నాం. గోడలు పాడైతే ఊరుకోరు. సర్దడం తలుచుకుంటేనే నీరసం వస్తుంది.

అయితే బాత్రూమే మీ ఆటస్థలం. స్నానానికి పది నిమిషాల ముందు పిల్లని అక్కడ కూర్చోబెట్టి, ఇందాక చెప్పిన కార్న్‌ఫ్లోర్ రంగు ఇచ్చి గచ్చు మీద, టైల్స్ మీద పూయమనండి. తర్వాత చెంబెడు నీళ్లు, దాంతోపాటే స్నానం. నేల జారుతుంది, కాబట్టి కూర్చునే ఆడాలి. ఇంకా తేలికది, బయటి గోడకి, గుమ్మం ముందు నేలకి పెద్ద బ్రష్షుతో ఉత్త నీళ్లు పూయించడం. తడిసిన చోట ముదురుగా కనిపిస్తుంది, ఎండకి చెరిగిపోతుంది, మళ్లీ పూస్తారు. ఖర్చు లేదు, సర్దేది అంతకన్నా లేదు. పిల్లలకి భుజం దగ్గర్నుంచి చెయ్యి మొత్తం కదులుతుంది, రేపు పెన్సిల్ పట్టుకోవడానికి కావాల్సిన బలం వేళ్లకంటే ముందు అక్కడ రావాలి.

ప్రశ్న: మా అమ్మాయికి నాలుగేళ్లు దాటాయి. తెల్ల కాగితం ఇస్తే పిచ్చి గీతలే. తోటి పిల్లలు ఇళ్లు, చెట్లు, పువ్వులు వేస్తున్నారు. రోజూ ఒక మంచి బొమ్మ వేస్తే చాక్లెట్ ఇస్తానని చెప్పి ప్రోత్సహించాలని మా ఆవిడ అంటోంది. మీ సలహా? – ఓ తండ్రి

చాక్లెట్ ఒప్పందం వద్దు. ఈ విషయం మీద చాలా పేరున్న ఒక ప్రయోగం ఉంది. 1973లో అచ్చయింది, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ స్కూల్లో చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం అప్పటికే ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని తీసుకుని, కొందరికి "బొమ్మ వేస్తే బహుమతి పత్రం ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి ముందు చెప్పకుండా తర్వాత ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొద్ది రోజుల తర్వాత పెన్నులు మళ్లీ అందుబాటులో పెట్టి చూస్తే, ముందే బహుమతి ఆశ చూపిన పిల్లలు మిగతావాళ్లు గడిపినదాంట్లో సగం సమయమే బొమ్మల మీద గడిపారు. ఇష్టంగా చేసే పని కూలి పనిగా మారిపోయింది. మీ అమ్మాయి ఇప్పుడు పిచ్చి గీతలైనా తనంతట తాను గీస్తోంది. అది పోగొట్టుకోకండి.

ఇక ఆ గీతలు పిచ్చివి కావు. ఏడాదిన్నర దగ్గర చుక్కలు, గీతలు మొదలవుతాయి, మూడేళ్ల దగ్గర మొదలైన చోటే ముగిసే గుండ్రం వస్తుంది, తర్వాత ఆ గుండ్రానికే రెండు కళ్లు, దాన్నుంచే నేరుగా కాళ్లు. మెడ, పొట్ట ఉండవు, పిల్లలు చాలామంది మనిషిని మొదట అలాగే వేస్తారు. నాలుగు గీతల చతురస్రం ఇంకా ఆలస్యం, త్రికోణం ఐదేళ్ల దగ్గర. ఇల్లు వేయాలంటే ఆ రెండూ కావాలి కదా. మీ అమ్మాయి కాగితం మీద మూసుకునే గుండ్రాలు ఉన్నాయో లేదో చూడండి. ఉంటే నిశ్చింతగా ఉండండి. అసలు గుండ్రమే రాకపోయినా, బొత్తాలు పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం కూడా కష్టంగా ఉన్నా, అప్పుడు డాక్టర్‌ని ఒక మాట అడగండి.

నాకు గట్టిగా అనిపించేది ఇంకొకటి చెబుతాను. అచ్చు బొమ్మల్లో రంగు నింపించే పుస్తకాలు, పెద్దవాళ్లు ముప్పాతిక వంతు కత్తిరించి అతికించి పిల్లల పేరు రాసే క్రాఫ్టులు, వీటివల్ల పిల్లలకి పెద్దగా ఒరిగేదేమీ లేదు. అందులో పిల్ల నిర్ణయించేది ఏమీ ఉండదు. దాని బదులు ఒక మూలన చిన్న అట్టపెట్టె పెట్టండి, వాడేసిన కాగితాల వెనకవైపులు, మొద్దు క్రేయాన్లు, మొన గుండ్రంగా ఉన్న కత్తెర, మైదా జిగురు, గుడ్డ పీలికలు, సీసా మూతలు. ఆ పెట్టె తనది, అడగకుండా తీసుకోవచ్చు అని చెప్పండి. క్రేయాన్లు పొడుగ్గా ఉంటే విరిచి పొట్టి ముక్కలు చేయండి. పొట్టి ముక్కని గుప్పిట్లో పట్టడం కుదరదు, వేళ్లతోనే పట్టాలి, పట్టు దానంతటదే కుదురుతుంది.

"ఏం బొమ్మ ఇది?" అని అడగకండి. చాలాసార్లు అది ఏదీ కాదు, గీయడం బాగుంది కాబట్టి గీసింది. "ఇక్కడ గట్టిగా నొక్కావు", "ఈ నీలం మొత్తం మూలకే పెట్టావే" అని చూసింది చూసినట్టు అనండి. చెప్పాలనిపిస్తే మిగతాది తనే చెబుతుంది. పక్కింటి పిల్ల పువ్వు బొమ్మ ప్రస్తావన ఇంట్లో తేకండి, మీ ఆవిడకీ ఈ మాట చెప్పండి.

ప్రశ్న: నేను నర్సరీ పిల్లలకి చెబుతాను. క్లాసులో ఇరవై మందికి పైనే ఉన్నారు. సామాన్లకి డబ్బులు ఇవ్వరు. అందరికీ ఒకేసారి ఏం చేయించగలను? – ఓ టీచర్

అందరికీ ఒకేసారి ఒకే పని పెట్టకండి, అక్కడే గందరగోళం. నాలుగు మూలల్లో నాలుగు పెట్టి ఐదారుగురు చొప్పున తిప్పండి. ఒకచోట నీళ్లు, ఒకచోట విప్పిన అట్టపెట్టె గోడకి అతికించి అందరూ కలిసి గీసేది, ఒకచోట ముద్ద, ఒకచోట ఆకులు, పుల్లలు, మూతలు పోగేసి తోచినట్టు అమర్చుకోవడం. మీరు నిలబడాల్సింది నీళ్ల దగ్గరే. చేతికి గీరుకుపోయిన పిల్లల్ని ఆ రోజు ఉప్పు ముద్ద దగ్గర కూర్చోబెట్టకండి, మండుతుంది. ఆట తర్వాత అందరి చేతులూ సబ్బుతో కడిగించాలి, ముద్ద ఎవరిది వాళ్లకి విడిగా ఉంటే మంచిది, జలుబులు చుట్టేయకుండా.

ఫ్రిజ్ అందుబాటులో ఉంటే ఇది కూడా చేయండి. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి ఆకులు, పూరేకులు, పెద్ద ఆకు కాడలు వేసి రాత్రంతా గడ్డ కట్టించి, పొద్దున్నే పళ్లెంలో బోర్లించండి. ఒక్క గడ్డ చుట్టూ ఐదుగురు పిల్లలు గోరువెచ్చని నీళ్లు చెంచాలతో పోస్తూ, లోపలి ఆకు ఎప్పుడు బయటికి వస్తుందా అని చాలాసేపు కూర్చుంటారు. చిన్న ఐసు ముక్కలు పెట్టకండి, గొంతులో అడ్డం పడతాయి. కొంచెం పెద్ద పిల్లలైతే పైన ఉప్పు చల్లమనండి, చల్లిన చోట గుంటలు పడి, లోపలికి దారులు చేసుకుంటూ కరుగుతుంది. ఉప్పు కలిసిన మంచు మామూలు మంచు కంటే బాగా చల్లబడి చర్మాన్ని కాల్చినంత పని చేస్తుంది, అందుకని ఉప్పు వేశాక చేతులు పెట్టనివ్వకుండా చెంచాలతోనే ఆడించండి.